సోషియాలజీ పేపర్ 1: ఒక్క ట్రెండ్ పట్టుకుని థింకర్లందరినీ చదివే పద్ధతి

సివిల్స్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి, మెయిన్స్‌లో సోషియాలజీని ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్లు అడుగుతున్న ప్రశ్న దాదాపు ఒకటే: ఇంతమంది థింకర్లను, అంటే సిద్ధాంతకర్తలను, ఎలా గుర్తుపెట్టుకోవాలి? సూటిగా చెప్తాను. ఈ పేపర్‌లో జ్ఞాపకశక్తి అసలు సమస్య కాదు. చాలామంది సమాధానాలు నిర్వచనంతో మొదలై నిర్వచనంతోనే ముగుస్తాయి. ఫలానా ఆయన ఏమన్నాడో ఉంటుంది, ఆయన చెప్పింది సమాజంలో ఎలా పనిచేస్తుందో ఉండదు, ఎక్కడ పనిచేయదో అసలే ఉండదు. పది మార్కుల ప్రశ్నకు నాలుగు వస్తాయా, ఆరు వస్తాయా అన్నది తేలేది ఆ రెండో, మూడో భాగాల్లోనే.

మొదటి యూనిట్‌ మీద ఎక్కువ రోజులు పెట్టకండి. జ్ఞానోదయ యుగం, ఫ్రెంచ్ విప్లవం, పారిశ్రామిక విప్లవం, 1838లో కామ్టే ఈ శాస్త్రానికి పేరు పెట్టడం, ఇవన్నీ ఒక్క పేజీలో ఇమిడిపోతాయి. అక్కడ నిజంగా ఆగాల్సింది అమెరికన్ సోషియాలజిస్ట్ సి. రైట్ మిల్స్ దగ్గర. 1959లో ఆయన ఇచ్చిన ఉదాహరణను అంకెలతో సహా రాయండి. లక్ష మంది ఉన్న నగరంలో ఒక్కరికే ఉద్యోగం లేకపోతే ఆ మనిషి నైపుణ్యం, స్వభావం చూస్తాం. ఐదు కోట్ల మంది ఉద్యోగులున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే చూడాల్సింది అవకాశాల నిర్మాణాన్నే. వ్యక్తిగత ఇబ్బంది, ప్రజా సమస్య అన్న తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా దొరకదు. "సోషియాలజీ, కామన్ సెన్స్" ప్రశ్నకు కూడా ఇదే చక్కగా పనికొస్తుంది.

ఇక పద్ధతి. ఒక ట్రెండ్ తీసుకోండి. బట్టల ఫ్యాషన్ కావచ్చు, పిల్లలకు పెట్టే పేర్లు కావచ్చు, ఉన్నట్టుండి అందరి నోటా వినిపించే పాట కావచ్చు. ఆ ఒక్కదాన్నే ప్రతి థింకర్ ముందూ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎందుకు పుట్టింది, ఎలా పాకింది, ఎందుకు పోయింది? ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకే బాగా జవాబిస్తారు. మిగతా రెండింటి దగ్గర వాళ్లు తడబడే చోటే మీ క్రిటిక్, అంటే విమర్శ, దొరుకుతుంది.

ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ డర్క్‌హైమ్‌తో మొదలుపెట్టండి. 1895లో ఆయన చెప్పిన సామాజిక వాస్తవానికి మూడు గుర్తులు: వ్యక్తికి వెలుపల ఉండటం, వ్యక్తి మీద ఒత్తిడి పెట్టడం, సమాజమంతా వ్యాపించి ఉండటం. వస్త్రధారణ ఉదాహరణ ఆయన పుస్తకంలోనే ఉంది. ఆనవాయితీని పట్టించుకోకుండా బట్టలు వేసుకుంటే నవ్వుతారు, దూరం పెడతారు. చట్టం శిక్షించకపోయినా ఒత్తిడి ఉన్నట్టే. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. "అందరూ చేస్తున్నారు కాబట్టి అది సామాజిక వాస్తవం" అని రాస్తారు. డర్క్‌హైమ్ చెప్పింది దానికి తిరగబడిన మాట: సమష్టిది కాబట్టే అది అందరిలో కనిపిస్తుంది. 1890లో అనుకరణ సూత్రాలు రాసిన గేబ్రియల్ టార్డ్‌తో ఆయన విభేదం సరిగ్గా ఇక్కడే. ట్రెండ్ అంటే ఒకరి నుంచి ఒకరికి పాకే అనుకరణ అన్నది టార్డ్ వాదం. 1903లో పారిస్‌లో ఇద్దరూ ముఖాముఖి వాదించుకున్నారు. ఆ చర్చను రెండు వాక్యాల్లో పెడితే మీ సమాధానం మిగతావాటికంటే వేరుగా కనిపిస్తుంది.

ఆత్మహత్య మీద 1897 నాటి అధ్యయనానికి ఒక చిన్న పట్టిక చాలు. నిలువుగా ఇంటిగ్రేషన్ (సమాజంతో బంధం), రెగ్యులేషన్ (సమాజం పెట్టే అదుపు). అడ్డంగా తక్కువ, ఎక్కువ. ఇంటిగ్రేషన్ తగ్గితే ఈగోయిస్టిక్, పెరిగితే ఆల్ట్రూయిస్టిక్. రెగ్యులేషన్ తగ్గితే అనోమిక్, పెరిగితే ఫేటలిస్టిక్. ఈగోయిస్టిక్‌నీ అనోమిక్‌నీ కలిపేయడం ఎక్కువమంది చేసే తప్పు. మొదటిదానిలో బంధాలు తెగుతాయి, రెండోదానిలో కోరికలకు హద్దు పోతుంది.

అసలు సరుకు ఉన్నది ఫ్యాషన్ సిద్ధాంతాల్లో. 1899లో వెబ్లెన్ ఆడంబర వినియోగం గురించి చెప్పాడు: వస్తువు ఉపయోగం కంటే, దాన్ని వృథా చేయగల స్తోమతను నలుగురికీ చూపించడం ముఖ్యం. ఎందుకు కొంటారన్నదానికి ఇది బలమైన జవాబే. కానీ ఎందుకు మారుతుందన్న దగ్గర బలహీనపడుతుంది. ఆ ఖాళీని 1904 వ్యాసంలో జిమ్మెల్ పూరిస్తాడు. మనిషికి రెండు ఆరాటాలు: గుంపులో కలవాలి, గుంపు నుంచి వేరుగా కనిపించాలి. ఫ్యాషన్ రెండింటినీ ఒకేసారి తీరుస్తుంది. పై వర్గం ఒక శైలి మొదలుపెడుతుంది, కింది వర్గం దాన్ని అందుకుంటుంది. అందుకున్న మరుక్షణం పై వర్గం దాన్ని వదిలేసి కొత్తదానికి వెళుతుంది. అంటే ఫ్యాషన్ గెలుపులోనే దాని చావు ఉంది. ఈ ఒక్క యంత్రాంగాన్ని (మెకానిజం, అంటే అది పనిచేసే తీరు) సరిగ్గా రాస్తే "ఎందుకు పోయింది" అన్నదానికి జవాబు వచ్చేస్తుంది.

మరి కింది నుంచి పైకి వెళ్లే ఫ్యాషన్ల మాటేమిటి? కార్మికుల దుస్తుగా మొదలైన జీన్స్‌ను జిమ్మెల్ వివరించలేడు. అక్కడ 1969 నాటి బ్లూమర్ వ్యాసం తెచ్చుకోండి. పారిస్ ఫ్యాషన్ ప్రదర్శనల్లో వందకు పైగా డిజైన్లు చూపిస్తే, ఒకరితో ఒకరికి సంబంధం లేని కొనుగోలుదారులు చాలావరకు అవే కొద్దిపాటి డిజైన్లు ఎంచుకోవడం ఆయన గమనించాడు. వాళ్లంతా ఒకే వాతావరణంలో మునిగి, రాబోయే అభిరుచిని పసిగట్టే పనిలో ఉండటమే కారణం. పై వర్గం వేసుకుంది కాబట్టి ఫ్యాషన్ కాలేదు; ఫ్యాషన్ అవుతుంది కాబట్టే పై వర్గం వేసుకుంది. దీన్నే ఆయన సమష్టి ఎంపిక అన్నాడు. బూర్ద్యూ 1979లో ఇంకో మెట్టు ఎక్కుతాడు. డబ్బు ఒక్కటే కాదు, చదువు, పెంపకం ఇచ్చే సాంస్కృతిక పెట్టుబడి అభిరుచిని నిర్ణయిస్తుంది. హాబిటస్ (పెంపకంతో ఒంటపట్టిన అలవాట్లు, ఆలోచనా తీరు) ద్వారా అది మనకు సొంత ఇష్టంలాగే అనిపిస్తుంది. ఆయన సర్వే 1960ల ఫ్రాన్స్‌ది అన్న పరిమితిని తప్పక రాయండి.

"ఇదంతా ప్రకటనల మాయ కదా" అన్న వాదానికి 2000లో లీబర్‌సన్ ఇచ్చిన జవాబు అద్భుతం. పిల్లల పేర్లకు ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు. అయినా పేర్లలోనూ ఫ్యాషన్లు లేచి పడుతూనే ఉంటాయి. అంటే మార్కెట్ లేకపోయినా ట్రెండ్‌కు తనదైన చలనం ఉంది.

ట్రెండ్ "ఎలా పాకింది" అన్న ప్రశ్న తేలికపడేది గ్రానోవెటర్ దగ్గరే. 1978 నాటి థ్రెషోల్డ్ నమూనాను చదవడం కాదు, తెల్లకాగితం మీద లెక్క వేయండి. ఒక పని చేయడానికి ఒక మనిషికి ముందు ఎంతమంది చేసి ఉండాలో, అదే అతని థ్రెషోల్డ్. వంద మంది ఉన్నారు. మొదటివాడు ఎవరూ చేయకపోయినా చేస్తాడు, అతని థ్రెషోల్డ్ 0. రెండోవాడికి ఒకరు చేస్తే చాలు, మూడోవాడికి ఇద్దరు, అలా 99 దాకా. 0 కదిలితే 1 కదులుతాడు, తర్వాత 2, చివరికి వంద మందీ. ఇప్పుడు ఒక్క మార్పు చేయండి: థ్రెషోల్డ్ 1 ఉన్నవాడిని తీసి 2 ఉన్నవాడిని పెట్టండి. మొదటివాడు చేస్తాడు, అక్కడితో ఆగిపోతుంది. వంద మందిలో మారింది ఒక్కరి స్వభావం. ఫలితం వంద నుంచి ఒకటికి పడింది. బయటి నుంచి చూసేవాళ్లు మొదటిది తెగించిన గుంపు, రెండోది నెమ్మదైన గుంపు అంటారు, కానీ రెండూ దాదాపు ఒకే గుంపు. వ్యక్తుల ఇష్టాలను కూడితే సమాజం రాదన్న మాటను ఇంత గట్టిగా రుజువు చేసే ఉదాహరణ ఇంకోటి లేదని నా నమ్మకం. ఈ లెక్క చేత్తో వేసినవాళ్లకు డర్క్‌హైమ్ కూడా కొత్తగా అర్థమవుతాడు.

దీనికి జతగా 2006 నాటి సాల్గానిక్, డాడ్స్, వాట్స్ ప్రయోగం పెట్టండి. 14,341 మంది, 48 పాటలు, ఎనిమిది వేర్వేరు ఆన్‌లైన్ ప్రపంచాలు. ఇతరులు ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేశారో చూపించినప్పుడు హిట్‌కీ ఫ్లాప్‌కీ అంతరం పెరిగింది, ఏది హిట్ అవుతుందో చెప్పడం కష్టమైంది. మరీ మంచి పాటలు అరుదుగానే వెనకబడ్డాయి, మరీ చెడ్డవి అరుదుగానే ముందుకొచ్చాయి. నడిమి పాటల గతి మాత్రం ఏ ప్రపంచంలో ఎలా ఉంటుందో తెలియదు. కొత్తదాన్ని అందరికంటే ముందు అందుకునేవాళ్ల నుంచి చివరివాళ్ల దాకా రోజర్స్ 1962లో ఇచ్చిన శాతాలు (2.5, 13.5, 34, 34, 16) ఒక గీతతో సరిపెట్టండి, అంతకు మించి అక్కర్లేదు.

నోట్స్ విషయం. థింకర్‌కు ఒక్క కాగితం, ఒకవైపే. పైన ఆయన ఎదుర్కొన్న ప్రశ్న, కింద యంత్రాంగం మూడు నాలుగు అడుగుల్లో, ఒక సాక్ష్యం, ఒక క్రిటిక్, చివర మీ ట్రెండ్. రెండో వైపుకు వెళ్లిందంటే మీరు పుస్తకం ఎత్తిరాస్తున్నారు. 250 మార్కులకు 180 నిమిషాలంటే పది మార్కులకు ఏడు నిమిషాలే. 150 పదాల్లో నిర్వచనానికి 25 దాటనివ్వకండి, యంత్రాంగానికి 70, ఉదాహరణకు 30, మిగిలింది క్రిటిక్‌కు.

"ఇంత తక్కువ నోట్స్‌తో ఎలా?" అని కొందరు అనుమానంగా అడుగుతున్నారు. తక్కువే, నిజం. కానీ ప్రతి పేజీనీ ప్రశ్న వేసి చదవాలి, రోజుకు ఒక సమాధానం గడియారం పెట్టుకుని రాయాలి. ఒంట్లో బాగోలేదనో, మనసు లేదనో మానేసిన రోజులు చూస్తుండగానే వారాలవుతాయి. క్రమశిక్షణ లేనివాళ్లకు ఎన్ని పుస్తకాలున్నా బరువే. ఇది గట్టిగా అంటున్నానని అనుకున్నా ఫర్వాలేదు.

రివిజన్‌లో కాగితాన్ని కింది నుంచి పైకి చదవండి, క్రిటిక్ ముందు, నిర్వచనం చివర. పరీక్ష హాల్లో సమయం అయిపోయి ముందుగా తెగిపడేది క్రిటిక్ భాగమే కాబట్టి, చేతికి అదే ముందు అలవాటు కావాలి.