కొలత కప్పులతో మొదలైన చదువు

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా, మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని ఒకసారి అడిగాను. మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదని తడుముకోకుండా చెప్పింది. అప్పటికి వారం రోజులుగా వృత్తాలు గీసి, ముక్కలకు రంగులు వేసి చెబుతూనే ఉన్నాను. ఆ రోజు కేకు కోసం బల్ల మీద పెట్టిన కొలత కప్పులను తన చేతికే ఇచ్చి, నీళ్లు పోసి చూసుకోమన్నాను. పెద్ద కప్పు నిండడానికి ఒక చిన్న కప్పుతో నాలుగు సార్లు, మరొక దానితో మూడు సార్లు పోయవలసి వచ్చింది. ఆ తర్వాత మూడో వంతు కప్పులోని నీటిని తనంతట తానే నాలుగో వంతు కప్పులోకి వంపింది. నీరు పట్టక అంచు మీదుగా పొర్లి బల్ల తడిసింది. కాసేపు ఆ తడిని చూసి, "ఎక్కువ మందికి పంచితే ఒక్కొక్కరికి తక్కువే వస్తుంది కదమ్మా" అంది.

అప్పటి నుంచి వంటింట్లో ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాను. ఏ పని చేసే ముందైనా ఏం జరుగుతుందో పిల్లలు ముందుగా ఊహించి చెప్పాలి, ఆ ఊహ తప్పని నాకు తెలిసినా నేను నోరు మెదపకూడదు. జవాబు గిన్నెలో కనిపించే దాకా ఆగడం పెద్దలకు కష్టమే గాని, ఆ ఆగడంలోనే చదువంతా ఉందని నా నమ్మకం.

నలుగురికి రాసిన కొలతలను ఆరుగురికి మార్చడం మా ఇంట్లో తరచుగా వచ్చే లెక్క. రెండు గుడ్లు మూడవుతాయని వెంటనే చెప్పిన పిల్ల, ముప్పావు కప్పు చక్కెర దగ్గర ఆగిపోయింది. ముప్పావు అనే మాటలోనే మూడు పావులు ఉన్నాయని గుర్తు చేశాను. మూడు పావులకు అందులో సగమైన ఒకటిన్నర పావు కలిపి నాలుగున్నర పావులని, అంటే ఒక కప్పు మీద అరపావు అని వేళ్ల మీదే తేల్చింది. మన మాటలు ఇంత చక్కగా లెక్క చెబుతుంటే, వాటిని వదిలి సూత్రంతోనే మొదలుపెట్టవలసిన అవసరం నాకు కనిపించదు. మరో రోజు ఒకే కప్పుతో పిండిని, చక్కెరను తూచాము. పిండి సుమారు 120 గ్రాములు, చక్కెర దాదాపు 200 గ్రాములు తూగాయి. ఘనపరిమాణం వేరు, ద్రవ్యరాశి వేరు అనే పాఠానికి అంతకు మించి వివరణ అవసరం కాలేదు.

విజ్ఞానశాస్త్రానికి వంటింటిని మించిన ప్రయోగశాల ఇంట్లో లేదు. కరిగిన వెన్న చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది, ఉడికిన గుడ్డు మాత్రం ఎంత చల్లార్చినా మునుపటి గుడ్డు కాదు, ఎందుకంటే వేడికి అందులోని ప్రోటీన్ల అమరికే మారిపోతుంది. అయితే మా పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసింది ఈస్టు. మూడు గ్లాసుల్లో సమానంగా నీళ్లు, చక్కెర, ఈస్టు వేశాము. ఒకదానిలో చల్లటి నీళ్లు, ఒకదానిలో గోరువెచ్చనివి, ఒకదానిలో సలసల కాగినవి. పావుగంటలో గోరువెచ్చని గ్లాసు మాత్రమే నురగ కట్టింది. మిగిలిన రెండూ ఒకే తీరుగా కదలక మెదలక ఉన్నాయి కదా, రెండిటికీ కారణం ఒకటేనా అని అడిగి, వాటిని కూడా గోరువెచ్చగా మారే దాకా ఉంచాము. చల్లటి గ్లాసులోని ఈస్టు మెల్లగా నురగ కట్టసాగింది, కాగిన నీటిలోనిది అలాగే ఉండిపోయింది. ఒకటి నిద్రపోయిందని, మరొకటి చనిపోయిందని మా అబ్బాయి చెప్పాడు. ఈస్టు ఒక జీవి అని, చక్కెరను వాడుకొని కార్బన్ డయాక్సైడును విడుదల చేస్తుందని అప్పుడే చెప్పాను. వేడి చేయడం, కాగిన నీరు పోయడం, కత్తి పట్టడం వంటివి వయసు వచ్చే దాకా నా చేతిలోనే ఉంటాయి.

ప్రతి పూటా పాఠం చెప్పబోతే పిల్లలు వంటింటి వైపే రారు. వారానికి ఒక ప్రశ్న చాలు.

భాషకు కూడా ఇక్కడే చోటు దొరుకుతుందని నేను ఆలస్యంగా గ్రహించాను. నిమ్మరసం తయారీని రాసివ్వమంటే, "నిమ్మకాయ పిండి, చక్కెర వేసి, నీళ్లు పోసి తాగాలి" అని మా అమ్మాయి రాసింది. పిండి, వేసి, పోసి అంటూ, ఒక పని ముగిశాక మరో పని జరుగుతుందని చెప్పే క్త్వార్థకాలన్నీ వరుసగా కుదిరాయి. నేను కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా చేశాను. కోయని నిమ్మకాయను పిండబోతే, "ముందు కోయాలమ్మా!" అని కేక వేసింది. గ్లాసు అడుగున చక్కెర అలాగే పేరుకొని ఉండగా తాగమని ఇచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, పెన్సిల్ తీసుకుంది. "నిమ్మకాయ కోసి" అని మొదట్లో ఇరికించింది. చివర్లో "చక్కెర కరిగే దాకా కలుపుతూ ఉండాలి, కలపకపోతే పుల్లగానే ఉంటుంది" అని చేర్చింది. పని జరుగుతూ ఉందని చెప్పే శత్రర్థకమూ (కలుపుతూ), పని జరగకపోతే ఏమవుతుందో చెప్పే వ్యతిరేక చేదర్థకమూ (కలపకపోతే) ఒకే వాక్యంలో వచ్చాయి. వాటి పేర్లు ఆ సాయంత్రం నిదానంగా చెప్పుకున్నాము.