సాగర్ మెస్ లైన్లో వినబడిన తెలుగు

మన పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాయమంటే అందరూ మాస్టార్ల గురించీ పరీక్షల గురించీ రాస్తారు కాబట్టి నేను మెస్ లైన్ గురించి రాస్తాను, అంటే కంచాలు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ లైన్లో వినబడిన తెలుగు గురించి.

నాగార్జునసాగర్‌లో మన కాలేజీకి మూడు ప్రాంతాల నుంచీ వచ్చేవాళ్ళం కదా. పలాస దగ్గర పల్లె నుంచి వెళ్ళిన నేను "నానెల్తన్నాను" అంటే నల్గొండ వాడు "నేన్ పోతున్న" అనేవాడు, అనంతపురం వాడు "పోతాండా" అనేవాడు, అమలాపురం వాడేమో జూనియర్లతో కూడా "ఎల్తన్నానండి, ఆయ్" అనేవాడు. రూముకి వేసేది ఒకడికి తాళం, ఇంకొకడికి బీగం. పల్లీలు, వేరుశనక్కాయలు, చెనిక్కాయలు, బుడ్డలు అంటూ ఒక పొట్లం చుట్టూ గంటసేపు వాదించుకున్న రాత్రులున్నాయి.

నవ్వులు మాత్రం సమానంగా పంచలేదు. అమలాపురం వాడి ఆయ్‌కి ముద్దుగా నవ్వేవారు, నా "సెప్పు"కి ఇంకోలా నవ్వేవారు. పుస్తకం భాష వాడికి దగ్గర, నాకు దూరం. విచిత్రం ఏంటంటే వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మా శ్రీకాకుళం వైపే, పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. తీరా పత్రికల్లోకీ పాఠాల్లోకీ ఎక్కిన వాడుక ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళది.

యాస ఒక్కసారిగా పోదు. నా విషయంలో ముందు "ఏటి" (ఏమిటి), "గుంట" (అమ్మాయి) లాంటి మాటలు పోయాయి, అవి వెంటనే దొరికిపోతాయి కాబట్టి. తర్వాత స చ అయింది, ఆ తర్వాత క్రియలు మారాయి. వాక్యం చివర సాగే రాగం ఒక్కటే మిగిలింది, కోపం వస్తే ఇప్పటికీ బయటపడిపోతుంది. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు మొదలుపెట్టిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. అందులో నాగలి మాటలు జిల్లాలవారీగా దొరుకుతాయి గానీ మా నాయనమ్మ "ఏట్రా" అనే తీరు దొరకదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి, ఏ కబురైనా పర్లేదు.

ఊరు దాటితే యాస పోతుందనుకుంటాం, అది కూడా పూర్తిగా నిజం కాదు. నల్గొండ వాడు ఊరికి దగ్గర్లోనే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ కూడా ఆఫీసులో చాలాకాలం "వెళ్తున్నాను" అనే అన్నాడు. 2014లో రాష్ట్రం వచ్చాక, సెప్టెంబర్ 9న కవి కాళోజీ పుట్టినరోజుని తెలంగాణ భాషా దినోత్సవంగా జరపడం మొదలయ్యాక, మీటింగుల్లో కూడా "పోతున్న" అంటున్నాడు, చూస్తే ముచ్చటేస్తుంది. అనంతపురం వాడు బెంగళూరులో స్థిరపడ్డాడు. అక్కడ తెలుగువాళ్ళలో సీమవైపు మాట్లాడేవాళ్ళు ఎక్కువేమో, వాడికి మార్చుకునే అవసరమే రాలేదు, ఇప్పటికీ అదే "ఏమప్పా". మా వైపు నుంచి అదే హైదరాబాద్‌కి వెళ్ళినవాళ్ళలో మాత్రం ఫోన్లో అమ్మతో ఒకలా, పక్క ఫ్లాట్ వాళ్ళతో ఇంకోలా మాట్లాడనివాడు నాకు కనబడలేదు. పిల్లలకైతే ఆ రెండోదే తెలుసు.

ఈసారి సమ్మేళనంలో స్కిట్ వేసేవాళ్ళకి ఒక మాట. వాచ్‌మన్‌కీ పనిమనిషికీ శ్రీకాకుళం యాస పెట్టడం మానండి, ప్రిన్సిపాల్‌కి పెట్టండి. డైలాగులు నేను రాసిస్తాను.