చెరిపించిన ముఖాలు

నిన్న సాయంత్రం ప్రింట్లు పంచి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

హైదరాబాద్‌లో రెక్కల కష్టం మీద బతికేవాళ్ళను సాదా తెర ముందు నిలబెట్టి, కళ్ళలోకి చూస్తూ ఫోటోలు తీయాలన్నది నా కోరిక. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1950, 51లలో పారిస్, లండన్, న్యూయార్క్ పనివాళ్ళను పని దుస్తుల్లోనే, పనిముట్లతో సహా స్టూడియోకు పిలిపించి అలాగే తీశాడు. నాకు స్టూడియో లేదు. బూడిదరంగు దుప్పటి, రెండు క్లిప్పులు, 50 ఎం.ఎం. లెన్సు ఉన్నాయి.

లాడ్ బజార్‌లో ఏ ఇబ్బందీ రాలేదు. నిప్పుల మీద లక్క మెత్తబరిచే పెద్దాయన ఒక్క మాటకే ఒప్పుకున్నారు. 2024లో అక్కడి లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినప్పుడు నేను చూసిన వార్తల్లో గాజులే ఉన్నాయి, చేసిన చేతులు లేవు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో దండలు కట్టే అమ్మలు తామే పిలిచి కూర్చోబెట్టుకున్నారు.

అసలు కథ ఒక మార్కెట్ యార్డులో జరిగింది. హమాలీల కోసం వెళ్ళాను. ముందే దరఖాస్తు ఇచ్చాను. గుమాస్తా చదివి, "వచ్చి తీసుకోండి" అన్నాడు. ముద్ర వేయమని నేను అడగలేదు. మీరు మాత్రం తప్పకుండా అడగండి. నోటిమాట ఇచ్చినవాడు అవసరానికి కనిపించడు.

ఉదయం ఆరున్నరకు రేకుల షెడ్డు అంచున దుప్పటి కట్టాను. అక్కడ నీడ ఉంటుంది, ముఖం బయటివైపు తిప్పితే వెలుగు మెత్తగా పడుతుంది. హమాలీలకు కూలి బస్తాల లెక్కన వస్తుంది, కాబట్టి లారీ వచ్చాక ఎవరినీ ఆపకూడదు. ఎనిమిదిన్నర లోపు పదకొండు మందిని తీశాను. భుజాన కొక్కెంతో ఒకరు, తలగుడ్డ విప్పి చేత పట్టుకుని మరొకరు. ఒకతను గదికి పరుగెత్తి ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. బస్తా ఎత్తుకోమని నేనెవరినీ అడగలేదు.

తొమ్మిదింటికి ఒక అధికారి వచ్చాడు. దరఖాస్తు నకలు చూపించాను. "ముద్ర ఏది?" అన్నాడు. అందరి ముందు బల్ల మీద కూర్చోబెట్టి, "వీళ్ళ దరిద్రాన్ని అమ్ముకుని బహుమతులు తెచ్చుకుంటావా?" అన్నాడు. తరువాత కెమెరా తెర తనవైపు తిప్పించుకుని ఒక్కొక్క ఫోటోనూ నా వేలితోనే చెరిపించాడు. మొత్తం నూట నలభై. అరగంటకు పైగా పట్టింది. ముఖాల సొంతదారులు చుట్టూ నిలబడి తమ ముఖాలు పోవడం చూశారు. హమాలీల మేస్త్రీ ముందుకొచ్చి, "మేమే ఒప్పుకున్నాం సార్, మా ముఖాలే కదా" అన్నాడు. అధికారి అతనివైపు తలైనా తిప్పలేదు. నన్ను తిట్టినందుకు కాదు, ఆ మాటకు జవాబు ఇవ్వనందుకు నాకు ఒళ్ళు మండింది. మనిషి ముఖం మీద ఆ మనిషి కన్నా కార్యాలయానికి ఎక్కువ హక్కు ఎక్కడినుంచి వచ్చింది?

గేటు దాటగానే కెమెరాలోని మెమరీ కార్డు తీసి జేబులో వేసుకున్నాను. ఫోటో చెరిపితే సాధారణంగా దాని చిరునామా మాత్రమే పోతుంది. దానిమీద కొత్తది రాయనంతవరకు బొమ్మ కార్డులోనే ఉంటుంది. మీకు ఇలా జరిగితే ఆ కార్డుతో ఇంకొక్క ఫోటో కూడా తీయకండి. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర మేస్త్రీని కలిసి, వెనక్కు తెచ్చుకోవచ్చా అని అడిగాను. అతను మిగతా పదిమందినీ పిలిచి వాళ్ళనే అడగమన్నాడు. అందరూ సరేనన్నాక రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నూట ఇరవై ఆరు దొరికాయి. ఇంత మంచి ఫోటోలు నేను ఇంతవరకు తీయలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ప్రింట్లు టీ కొట్టు దగ్గరే పంచాను. మేస్త్రీ తనది తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చిన అతని ఫోటోలే దొరకని పద్నాలుగింటిలో పోయాయి. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ఆదివారం అదే చొక్కాతో రమ్మన్నాను. కొట్టు పక్క గోడకు ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా నీడ ఉంటుంది. ఈ ఉదయమే వెళ్ళి చూసి వచ్చాను.