ముందు బాత్రూం మూయండి, తర్వాత గుమ్మం

గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక, మూడో హెచ్చరిక అంటూ సర్దుకోవడానికి కాస్త టైమిస్తుంది. విశాఖ గెడ్డలకి, అంటే కొండల మీంచి ఊళ్లోకి దిగే వాగులకి, ఆ మర్యాద లేదు. కొండల మీద కురిసిన వాన గంటలోపే కాలనీలోకి దిగిపోతుంది. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ హార్బర్ వైపు పోయేవి కాబట్టి జ్ఞానాపురం లాంటి పల్లపు ప్రాంతాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. సముద్రం పోటు మీదుంటే గెడ్డ నీళ్లు దిగవు. వాన తగ్గినా వీధిలో నీళ్లు కదలడం లేదంటే తరచు కారణం ఇదే. ఆటు మొదలవడానికి ఆరేడు గంటలు పట్టొచ్చు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఎక్కువ. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వాయుగుండం కబురు వస్తే, వర్షపాతం అంకెతో పాటు తిథి కూడా చూసుకోవడం మంచిది.

వాన పెద్దదనగానే అందరూ గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెడతారు. కానీ నీళ్లు చాలా ఇళ్లలో ముందుగా వచ్చేది బాత్రూంలోంచి. వీధి డ్రైనేజీ నిండగానే, ఆ మట్టం మీ నేల కన్నా ఎత్తుకి చేరితే, బాత్రూం నేల మీద నీళ్లు పోయే జాలీ రంధ్రం, అదే నహానీ ట్రాప్‌లోంచి, కమోడ్‌లోంచి మురికి నీళ్లు పైకి తంతాయి. గుమ్మం బస్తాలు గట్టిగా ఉన్నకొద్దీ ఈ నీళ్లు బయటికి పోయే దారి కూడా ఉండదు.

మందమైన పాలిథిన్ కవరు ఒకదానిలో ఇంకొకటి పెట్టి, సగానికి ఇసుక నింపి, గాలి లేకుండా మూతి కట్టండి. నహానీ జాలీ తీసి, పాత గుడ్డ ఉండచుట్టి రంధ్రంలో కూరి, దాని మీద ఈ సంచి పరవండి. సగమే నింపమనేది అందుకే, నిండు సంచి నేలకి అతుక్కోదు. కమోడ్ గిన్నెలో ఇంకో సంచి దించి, మూత వేసి పైన బరువు పెట్టాలి. వాషింగ్ మెషీన్ డ్రెయిన్ పైపు, వంటింటి సింకు కింద పైపు కూడా మరిచిపోవద్దు. ఇది సుమారు అడుగు మట్టం దాకా ఆపుతుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

శాశ్వత మార్గం, ఇంటి మురుగు చేరే చివరి ఛాంబర్ (మూత ఉన్న గుంట) తర్వాత 4 అంగుళాల పైపుకి నాన్-రిటర్న్ వాల్వ్, అంటే నీళ్లని బయటికి పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వ్, వేయించుకోవడం. ఇక్కడే చాలామంది ప్లంబర్లు తప్పు చేస్తారు. డాబా మీద వాన నీళ్ల పైపుని అదే ఛాంబర్‌లో కలిపేస్తారు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 930 లీటర్లు. వీధి నీళ్ల ఒత్తిడికి వాల్వ్ మూసుకుంటే ఈ డాబా నీళ్లకి బయటికి దారి లేక మీ బాత్రూంలోనే పొంగుతాయి. డాబా పైపుని విడిగా వీధి కాలువలోకి మళ్లించాకే వాల్వ్ పెట్టించండి. వాల్వ్ లోపలి రెక్కలో జుట్టు, షాంపూ కవర్లు ఇరుక్కుంటే మూసుకోదు. జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి విప్పి కడగాలి. వాల్వ్ మూసుకుని ఉన్నంతసేపు ఇంట్లోవాళ్లు స్నానాలు, బట్టలు ఉతకడం ఆపాలి. మీరు వాడిన నీళ్లు మీకే తిరిగొస్తాయి.

కరెంటు విషయంలో అందరూ చెప్పేది మెయిన్ ఆపమని. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని తన పని మొదలుపెడుతుంది. అదిచ్చేదీ 230 వోల్టులే, పైగా తరచు ఆ లైను, కరెంటు లీకైతే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ కిందికి రాదు. అందుకని ముందు ఇన్వర్టర్ స్విచ్ ఆపి, దాని ప్లగ్గు పీకి, తర్వాత మెయిన్ ఆపండి. ఇదంతా నేల పొడిగా ఉన్నప్పుడే. 150 ఏహెచ్ బ్యాటరీ మామూలుగా 50 కిలోల దాకా తూగుతుంది, నీళ్లొచ్చాక దాన్ని ఎత్తడం అయ్యే పని కాదు. ఇన్వర్టర్ ట్రాలీని వానాకాలం ముందే సిమెంటు దిమ్మల మీదికి ఎక్కించి ఉంచాలి. మెయిన్ బోర్డు దగ్గరికి నీళ్లలో నడిచి వెళ్లాల్సి వస్తే వెళ్లకండి. 1912కి ఫోన్ చేసి వీధి సరఫరా ఆపించండి.

గ్యాస్ సిలిండర్ నీళ్లలో తేలుతుందంటే నమ్మరు. 14.2 కిలోల సిలిండర్ నిండుగా ఉన్నా ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు, లోపలి ఘనపరిమాణమే 33 లీటర్ల పైన. లోతు చాలితే నిండుదీ తేలుతుంది, ఖాళీది మోకాలి లోతుకే లేస్తుంది. తేలుతూ రబ్బరు పైపుని లాగేస్తుంది. రెగ్యులేటర్ తీసి, సేఫ్టీ క్యాప్ పెట్టి, సిలిండర్‌ని నిలువుగానే ఉంచి కిటికీ ఊచలకి తాడుతో కట్టేయండి.

ఫ్రిజ్ కంప్రెసర్ కింద, వెనకాల ఉంటుంది. దాన్ని నీళ్లు తాకి ఉంటే మెకానిక్ చూసేదాకా ప్లగ్గు పెట్టొద్దు. స్కూటర్ సైలెన్సర్ మునిగితే కిక్ కొట్టి చూద్దామనే అబ్బాయిల్ని ఆపాల్సింది ఇంట్లో పెద్దవాళ్లే. ఇంజిన్‌లోకి నీళ్లు లాక్కుంటే లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

కొండవాలు ఇళ్లకి ఈ లెక్కలేవీ వర్తించవు. అక్కడ భయం నీళ్లది కాదు, గోడది. ఇంటి వెనక కొండ మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ గోడకి వదిలిన కన్నాల్లోంచి వానలో నీళ్లు కారుతూ ఉండాలి. కారకపోతే అవి పూడుకున్నట్టు. గోడ వెనక మట్టి నీళ్లు పీల్చి బరువెక్కుతోందన్నమాట. అందం కోసం ఆ కన్నాల్ని సిమెంటుతో పూసేసిన గోడలు విశాఖలో లెక్కలేనన్ని. కన్నంలోంచి ఎర్రమట్టి నీళ్లు రావడం, గోడ పొట్ట ఉబ్బడం, వెనక తలుపు ఉన్నట్టుండి పట్టేయడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సామాను సంగతి వదిలేసి పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని కిందికి దిగిపోండి. ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు.

నీళ్లు తీసేటప్పుడు బురదని ఆరనివ్వకుండా, నీళ్లతో పాటే వైపరుతో తోసేయాలి. కడిగే ముందు గోడ మీద నీటి గుర్తు, పాడైన సామాను ఫోటోలు తీసుకుంటే ఇన్సూరెన్సుకి, నష్టం రాసుకునేవాళ్లకి పనికొస్తాయి.

సంపులోకి వీధి నీళ్లు చేరాయన్న అనుమానం ఉన్నా మోటారు వేయొద్దు. వేస్తే పై ట్యాంకూ పోతుంది. సంపు ఖాళీ చేసి, గోడలు బ్రష్‌తో రుద్ది, మంచి నీళ్లు నింపి వెయ్యి లీటర్లకి 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలపండి. బకెట్‌లో కలిపి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రమే పోయాలి. రాత్రంతా ఉంచి పొద్దున పారబోయండి. మళ్లీ నింపాక వెయ్యి లీటర్లకి 5 గ్రాములు చాలు, గంటాగి వాడుకోవచ్చు. తాగేవి మరిగించాల్సిందే. పోయిన ఏడాది విప్పిన ప్యాకెట్టుకి బలం ఉండదు, కొత్తది కొనండి. బాత్రూం కడిగే యాసిడ్‌ని దీంతో ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరాడదు.