కాలు తీస్తే వణికే కారు

ఎనిమిదేళ్లు మరొకరి చేతిలో తిరిగిన పెట్రోలు కారును కొన్న పదిహేను రోజులకే దాని అసలు జబ్బు బయటపడింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా నడిచే ఇంజిన్, వేడెక్కిన తరువాత ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే 550 ఆర్‌పీఎంకు, అంటే నిమిషానికి 550 చుట్లకు జారి, స్టీరింగ్ చేతుల్లో వణికేలా కొట్టుకునేది. ఆ స్థితిలో ఏసీ వేస్తే ఆగిపోయేది. ఇలాంటి ఇంజిన్ వేడి మీద సాధారణంగా 700, 800 మధ్య నిలకడగా తిరగాలి.

మెకానిక్ చూసీ చూడగానే ప్లగ్గులు, ఇంధన పంపు మార్చేద్దామన్నాడు. పాత కారు విషయంలో అందరూ చేసే పొరపాటు ఇదే: ఏది చెడిందో తేలకముందే ఏది మార్చాలో తేల్చేస్తారు. నేను ఒక చిన్న స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించాను. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత ఇంధనం ఎక్కువ తక్కువలుగా సర్దుతోందో చెప్పే అంకె, మూడు శాతం దాటలేదు. ఇంజిన్‌కు గాలి తెచ్చే ఇన్‌టేక్ గొట్టాల్లో ఎక్కడైనా చీలిక ఉండి లెక్కకు రాని గాలి లోపలికి పోతూ ఉంటే, లేదా పంపు నీరసించి ఉంటే, ఆ అంకె అంత తక్కువగా ఉండదు. వేగం పెంచితే ఇంజిన్ ఎక్కడా తడబడడం లేదు కనుక ప్లగ్గులనూ పక్కన పెట్టాను. మిగిలింది గాలి దారి.

ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం విప్పి ఆక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ రేకును వేలితో తెరిచి చూస్తే, అంచు చుట్టూ జిడ్డు కలిసిన మసి అట్టకట్టి ఉంది. (కేబుల్‌తో నడిచే థ్రాటిల్ కనుక వేలు పెట్టాను, మోటారుతో నడిచేదాన్ని అలా నెట్టకూడదు.) కాలు తీసినప్పుడు ఇంజిన్ పీల్చే కాస్త గాలీ రేకు చుట్టూ ఉండే వెంట్రుకవాసి సందులోంచి, పక్కనున్న చిన్న మార్గంలోంచి వెళ్లాలి, ఆ రెండూ పూడుకుపోయాయి. థ్రాటిల్ క్లీనర్‌తో తడిపిన గుడ్డతో, గీకకుండా, ఓపికగా తుడిచాను.

తిరిగి స్టార్ట్ చేస్తే 1400! ఉన్న జబ్బు పోగొట్టబోయి కొత్తది తెచ్చిపెట్టానా అనుకున్నాను. టార్చి వేసి చూస్తే, రేకు ఎక్కడ ఆగాలో నిర్ణయించే స్క్రూ మీద కంపెనీ వేసిన రంగు చిట్లి, తలపై స్క్రూడ్రైవర్ గాట్లు కనిపించాయి. మసి పేరుకుని వేగం తగ్గినప్పుడల్లా ఎవరో ఆ స్క్రూను కొంచెం కొంచెం బిగించి, రేకును తెరిచి ఉంచుతూ వచ్చారన్నమాట. రేకు ఎంత తెరిచి ఉందో కంప్యూటర్‌కు చెప్పే థ్రాటిల్ సెన్సార్ దగ్గర మీటర్ పెడితే, ఈ కారుకు మూసిన స్థితిలో 0.5 వోల్టు ఉండవలసిన చోట 0.74 చూపించింది. దానితో ఏసీ చిక్కుముడి కూడా విడిపోయింది. కంప్యూటర్ లెక్కలో డ్రైవరు కాలు ఇంకా ఆక్సిలరేటర్ మీదే ఉంది. అందువల్ల ఏసీ భారం పడినప్పుడు పక్క మార్గంలోని ఐడిల్ వాల్వు తెరిచి అదనపు గాలి ఇవ్వవలసిన పని అది చేయనే లేదు.

మీటరు చూస్తూ స్క్రూను వెనక్కి తిప్పి 0.5 దగ్గర ఆపాను. కంప్యూటర్ తన పాత అలవాటు మరిచిపోయేందుకు బ్యాటరీ తీగ కాసేపు విప్పి, మళ్లీ బిగించి, పది నిమిషాలు ఏ భారమూ లేకుండా, తరువాత ఏసీతోనూ ఇంజిన్‌ను ఊరికే తిరగనిచ్చాను. ఇప్పుడు 750 దగ్గర నిలుస్తోంది; ఏసీ వేసిన క్షణం కొద్దిగా దిగి, వెంటనే 850కి లేస్తోంది.

ఇక ఆ జిడ్డు ఎక్కడిదన్న ప్రశ్న. ఇంజిన్ అడుగున ఆయిలుండే క్రాంక్‌కేస్ ఆవిరిని ఇన్‌టేక్‌లోకి వదిలే పీసీవీ వాల్వును తీసి చెవి దగ్గర ఊపాను. గలగలమనవలసినది మూగగా ఉంది, అంటే లోపల బిగుసుకుపోయింది. దాన్నొక్కదాన్నే మార్చాను.