చార్మినార్ దగ్గర పాత ఇల్లు ఉందా? మరమ్మతుకు ముందు ఇవి చూసుకోండి

చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వాటి చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు అనుమతితోనే కట్టుకోగల నియంత్రిత ప్రాంతం. చాలామంది ఇక్కడే పొరబడతారు. కొలత కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. గోల్కొండ దగ్గర ఈ తేడా చాలా పెద్దది.

100 మీటర్ల లోపల కొత్తగా కట్టడానికి వీల్లేదు. 1992 జూన్ 16కు ముందునుంచే ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, అదీ అనుమతి తీసుకున్నాకే. కూల్చి మళ్లీ కట్టడం మరమ్మతు కిందికి రాదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. పురపాలక అనుమతి ఒక్కటే చేతిలో ఉంటే చాలదు.

మిగతా పాత భవనాల సంగతి వేరు. 1995లో వచ్చిన వారసత్వ కట్టడాల నిబంధన 2015లో రద్దయింది. 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. కాబట్టి రద్దయిన నిబంధన కిందటి పాత కట్టడాల జాబితా కాగితం నమ్ముకుని దరఖాస్తు రాయకండి.

అనుమతి వచ్చాక అసలు నష్టం చేసేది సిమెంటే. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది, ఉప్పు పొంగుతుంది, పూత పెచ్చులుగా రాలుతూ పాత సున్నాన్నీ వెంట లాక్కుపోతుంది. బాగా నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు మూడు పాళ్లు కలిపి, పలుచటి పొరలుగా వేయించండి. ఒక్కో పొరనూ తడి ఆరిపోకుండా కాపాడాలి. మేస్త్రీ తొందరపెడితే ఒప్పుకోవద్దు.