మీటర్‌లో రెండూ సమానమే, చెవికి కాదు

నిన్న రాత్రి ఒకే ఆల్బమ్‌లోని రెండు పాటలు వరుసగా పెట్టి మాస్టరింగ్ (విడుదలకు ముందు సౌండ్‌కి చేసే చివరి సర్దుబాటు) చేస్తున్నాను. మీటర్‌లో రెండూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే యూనిట్). కానీ మొదటిది ముగిసి రెండోది మొదలవగానే నా చెయ్యి దానంతటదే వాల్యూమ్ నాబ్ మీదికి వెళ్లింది. అంత గట్టిగా తగిలింది చెవికి!

మీటర్ తప్పేం లేదు. అది పాట మొత్తానికి సగటు తీస్తుంది. మొదటి పాట మధ్యలో పెద్ద కోరస్ ఉంది, ఆ అంకెను పైకి లాగింది అదే. చివర మాత్రం ఒక్క గొంతు, సన్నటి గిటార్. రెండోది మొదటి క్షణం నుంచే నిండుగా మోగుతుంది. వినేవాళ్లకు తగిలేది ఒక పాట ముగిసి ఇంకోటి మొదలయ్యే ఆ సందు, సగటు కాదు.

రెండో పాటను 1.5 డెసిబెల్స్ తగ్గించాను. మైనస్ 15.5 చూడగానే కొంచెం టెన్షన్. పైగా మూడు గంటలుగా వింటున్న చెవులు, వాటినీ పూర్తిగా నమ్మలేను. వాల్యూమ్ తగ్గిస్తే బేస్ ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. అందుకే నాబ్ కదపకుండా వదిలేసి, పొద్దున్నే అదే లెవెల్‌లో విన్నాను. ఆ సందు హాయిగా దాటింది.

విడివిడిగా ప్లే చేస్తే స్ట్రీమింగ్ యాప్‌లు రెండింటినీ మళ్లీ సమానం చేయొచ్చు. ఆల్బమ్‌గా వినేవాళ్లకైతే నేను పెట్టిన తేడా అలాగే చేరాలని నా ఆశ. మైనస్ 15.5తోనే పంపేశాను.